గాలి కన్నాలు

ఆగస్టు 24, ఆదివారం

ఇంకా నలభై మూడు రోజులు. ఇవాళ చర్చిలో అయ్యగారు పేరు పేరునా ప్రార్థన చేస్తూ, "ఏలీయా గారూ, పాపాయమ్మ గారూ మంచుకొండల్లోకి ప్రయాణమవుతున్నారు, వారి దారి కాయుము ప్రభువా" అనేసరికి ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. రొయ్యల వ్యానులో కాపురం పెట్టుకుని హిమాలయాలకు పోతున్నారట అని అల్లవరం దాకా నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వుకోనీ. వీళ్లలో ఒక్కడికైనా చలంటే ఏమిటో తెలుసా? ముప్పై ఒక్క ఏళ్లుగా ఓడలరేవు ఐసు ఫ్యాక్టరీలో చలిని పట్టి నిలబెట్టడమే నా ఉద్యోగం. రొయ్యల వ్యాను పెట్టె గోడల్లో నాలుగంగుళాల మందాన ఫోం నురుగు ఉంటుంది. లోపలి చలిని బయటికి పోనివ్వనిది బయటి చలిని లోపలికి రానిస్తుందా? ఇంత చిన్న సంగతి ఎవరి బుర్రకీ తట్టలేదు, నాకు తట్టింది.

మంచం అయింది, మడత బల్ల అయింది, లోపలి నుంచి తీసుకునే గడియ అయింది. వెల్డింగు నాగేంద్రబాబు చేతిలో పనితనం ఉంది, ఒప్పుకోవాలి. వ్యాను పక్కన మంచుకొండల బొమ్మ అతికించడానికి అమలాపురంలో ఫ్లెక్సీ షాపు వాడికి చెప్పాను.

పాపాయమ్మ దారంతా కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించింది. నాగపూర్, గ్వాలియర్, సిమ్లా, కిన్నౌర్, చివర స్పితి. అక్టోబరులో అక్కడ రాత్రి సున్నా కిందికి దిగిపోతుందట. ఆమె కువైట్‌లో వంట చేసిన ఇంటివాళ్లు ఏటా ఇలాగే ఇల్లులాంటి బండి అద్దెకి తీసుకుని ఏదో మంచు దేశం తిరిగి వచ్చేవారు. ఈమె అక్కడే ఉండి ఇల్లు కాచేది. "పద్నాలుగేళ్లు వాళ్ల స్వెట్టర్లు మడతలు పెట్టేనండి. ఒక్కసారి నేను తొడుక్కోవాలి" అంది. నలభై ఏళ్ల కాపురంలో నన్ను అడిగింది ఇదొక్కటే.

ఆగస్టు 26, మంగళవారం

నాగేంద్రబాబు మీద ఒళ్లు మండిపోయింది. నన్ను అడక్కుండా పెట్టెకి రెండు కన్నాలు కోశాడు. ఒకటి నేలకి జానెడు ఎత్తున, ఒకటి పైకప్పు దగ్గర. అరచేయంత కన్నాలు, వాటికి జాలీ. ఎందుకయ్యా అంటే, "లోపల బొగ్గు కుంపటి పెడతానంటున్నారు కదండీ. గాలి ఆడాలండి. ఆయ్, ట్యాంకర్లలో దూరి వెల్డింగు చేసేవాణ్ణండి, నాకు తెలుసండి" అన్నాడు. సరేలే అని పంపించేశాను.

సాయంత్రం డ్యూటీ దిగాక ఫ్యాక్టరీ షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని రెండూ మూసేశాను. నురుగు కొట్టి, లోపల రేకు వేసి రివిట్లు దించి, బయట నున్నగా పుట్టీ పెట్టి రంగేశాను. రేపు దాని మీద మంచుకొండల బొమ్మ వచ్చేస్తుంది. ఇక సూది దూరే సందు లేదు. చలికి సందు దొరకనివ్వడమంటే నా చేతికి అవమానం. పాపాయమ్మకి చెప్పలేదు. చెబితే, "ముందు నాగేంద్రబాబుని అడగండి" అంటుంది.

ఆగస్టు 28, గురువారం

వాయుగుండం. పడవలు వేటకి వెళ్లలేదు. ఫ్యాక్టరీలో నిల్వ గది నిండా ఐసు దిమ్మలు. అది చూడగానే వచ్చింది ఆలోచన. స్పితి దాకా పోయి వ్యాను పనికిరాదని తెలుసుకునే కంటే ఇక్కడే పరీక్ష చేసుకుంటే? వ్యాను వెనక్కి నడిపి నిల్వ గదిలో పెడతాను. పాపాయమ్మ లోపల కూర్చుని ఐదేసి నిమిషాలకి థర్మామీటరు చూసి రాస్తుంది. కుంపట్లో కొబ్బరిచిప్పల బొగ్గు. చిప్ప బొగ్గుకి పొగ రాదు. పొగ రాకపోతే ఇంకేం భయం?

పాపాయమ్మ ఈ ఎండలో స్వెట్టరు తొడుక్కుని చూసుకుంది. ఎర్రది. అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

ఆగస్టు 30

కళ్లు తెరవలేదు.

ఆగస్టు 31, ఆదివారం

అమలాపురం ఆసుపత్రి. వరండా.

రాస్తే తల కొంచెం నిమ్మళిస్తుందని రాస్తున్నాను. నిన్న మొన్నటి సంగతి ఎవరో చెబుతుంటే విన్నట్టుంది. నా చేతులు చూసుకుంటే నావి కానట్టున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం వ్యాను గదిలో పెట్టాను. కుంపటి అంటించి కణకణలాడాక లోపల పెట్టాను. "అరగంట. తలుపు తీయకు, తీస్తే లెక్క చెడిపోతుంది" అని చెప్పాను. "అలాగేనండి" అంది. ఎర్ర స్వెట్టరు. నవ్వుతూనే ఉంది. బయటికి వచ్చాను. ఇరవై నిమిషాలకి వెళ్లి తలుపు తీశాను. బల్ల మీద తల వాల్చి ఉంది. నిద్రపోయిందనుకున్నాను. వెచ్చగా ఉందిగా, హాయిగా నిద్రపట్టి ఉంటుందనుకున్నాను. నేను సంతోషించాను. దేవుడా, ఆ క్షణం నేను సంతోషించాను. పిలిస్తే పలకలేదు. భుజం పట్టుకుంటే పక్కకి జారిపోయింది.

పొగ లేదు. అసలు పొగే లేదు.

డాక్టరు గారు చెప్పింది: మూసిన పెట్టెలో బొగ్గు కాలితే పుట్టే విషవాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. గాలి ఆడే దారి ఏ కొంచెం ఉన్నా ఇంతవరకు వచ్చేది కాదట.

నేను ఆయన చొక్కా జేబులో పెన్ను చూస్తూ నిలబడ్డాను. నీలం మూత.

సెప్టెంబరు 1

ఆమె రాసిన కాగితం నా జేబులోనే ఉంది. 3. 8. 14. 19. 23. 26. 27. ఆ తర్వాత అంకె లేదు. పెన్సిలు గీత కిందికి జారుకుంటూ పోయి కాగితం అంచు దగ్గర ఆగిపోయింది.

ఐదేసి నిమిషాలకి ఒకటి. ఏడు అంకెలు. ఇరవై నిమిషాలని నిన్న రాశాను. నలభై నిమిషాలై ఉంటుంది.

సెప్టెంబరు 2, మంగళవారం

ఇంకా అలాగే ఉంది. అమ్మాయి సుస్మిత రాజోలు నుంచి వచ్చి తల్లి కాళ్లు పట్టుకుని కూర్చుంది. బావమరిది మాణిక్యాలరావు వచ్చాడు. మండలాఫీసులో ఉద్యోగం, గొంతు పెద్దది. అక్కంటే ప్రాణం. వరండాలో అందరి ముందూ అడిగాడు.

"బావగారూ, ఆ పెట్టెకి గాలి ఆడే దారి లేదా అండీ?"

"లేదు."

"పెట్టమని మీరు చెప్పలేదా?"

"అన్నీ నాగేంద్రబాబే చూసుకున్నాడు."

అంతే అన్నాను. ఇందులో అబద్ధం ఏముంది? దారి లేదు. పనంతా అతనే చేశాడు. రెండూ నిజాలే.

మాణిక్యాలరావు ఫోను తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 3, బుధవారం

పొద్దున్న తొమ్మిదింటికి కళ్లు తెరిచింది. నన్ను చూసింది. గుర్తుపట్టింది. పెదాలు కదిలాయి, వంగి చెవి పెట్టాను.

"ఆఖరికి ఎంతకొచ్చిందండీ?"

ఇరవై ఏడు అని చెప్పాను. తల ఊపి మళ్లీ కళ్లు మూసుకుంది. నేను వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఎవరో మంచినీళ్లు ఇచ్చారు.

సెప్టెంబరు 5

మాణిక్యాలరావు పోలీసు స్టేషన్లో నాగేంద్రబాబు మీద ఫిర్యాదు కాగితం ఇచ్చాడట. నాకు ఇవాళే తెలిసింది. అప్పటికప్పుడు వద్దనలేకపోయాను. అనాలి. రేపు అంటాను.

సెప్టెంబరు 7, ఆదివారం

నాగేంద్రబాబు ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో కొబ్బరిబొండాలు. గేటు దగ్గరే మాణిక్యాలరావు ఆపేశాడు. నేను మెట్ల మీద ఉన్నాను. అతను నన్ను చూసి అక్కణ్ణుంచే అన్నాడు.

"ఏలీయా గారూ, రెండు కన్నాలు పెట్టేను కదండీ. మీరు చూసేరు కదండీ."

"వ్యాను ఇంటి దగ్గరుంది. మేం చూసేం. కన్నాల్లేవు ఏమీ లేవు" అన్నాడు మాణిక్యాలరావు.

అందరూ నా వైపు చూశారు. "నాకు గుర్తు లేదయ్యా" అన్నాను. నిజంగానే ఆ క్షణంలో నాకేమీ గుర్తు లేదు. తల ఖాళీగా ఉంది. వారం రోజుల్లో మొత్తం పది గంటలు నిద్రపోయానేమో. మనిషికి గుర్తు తప్పదా?

అతను బొండాలు మెట్ల పక్కన పెట్టి వెళ్లిపోయాడు. పాపాయమ్మ ఒకటి తాగింది. ఎవరు తెచ్చారని అడిగింది. సుస్మిత చెప్పింది.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఇంటికి వచ్చాం. పట్టుకుని నడిపిస్తే నడుస్తోంది. చేతులు వణుకుతున్నాయి. గ్లాసు ఎత్తితే సగం ఒలికిపోతుంది. బీరువా మీది కాగితం చూసి గ్వాలియర్ అన్న మాట చదవలేకపోయింది. ఆమె రాసిందే. "తర్వాత చదువుతానులెండి" అంది. డాక్టరు గారు నెమ్మదిగా తేరుకుంటుందన్నారు. నెమ్మదిగా అంటే ఎన్నాళ్లో ఆయనా చెప్పలేదు.

వ్యాను పెరట్లో ఉంది. మంచుకొండల బొమ్మ కనబడకుండా పరదా కప్పాను.

సెప్టెంబరు 13

కన్నాలు ఉన్నా ఏం జరిగేదో ఎవరికి తెలుసు? అరచేయంత కన్నాలు.

సెప్టెంబరు 16, మంగళవారం

నాగేంద్రబాబు షెడ్డు మూసేశాడు. కాట్రేనికోన వాళ్లు చేయించుకుంటున్న రెండు వ్యానులు సగం పనిలో వెనక్కి తీసుకెళ్లిపోయారట. స్టేషనుకి పిలిచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారట. ఫ్యాక్టరీలో కుర్రాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఒకడు, "మనిషిని చంపే పెట్టె చేసేడు" అన్నాడు. నేను అక్కడే అమ్మోనియా గేజీ చూస్తున్నాను. చూస్తూనే ఉన్నాను. ముల్లు ఎక్కడుందో ఇప్పటికీ చెప్పలేను.

సెప్టెంబరు 18, గురువారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

మధ్యాహ్నం పాపాయమ్మ పడుకుంది. గేటు చప్పుడైతే వెళ్లాను. నాగేంద్రబాబు. గడ్డం పెరిగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వ్యాను వైపు చూశాడు, పరదా తీయమని అడగలేదు. గేటు ఊచలు పట్టుకుని మాట్లాడాడు.

"ఆయ్, ఒక మాట చెప్పి పోదామని వచ్చేనండి. పెట్టేననే అనుకున్నానండి ఇన్నాళ్లూ. జాలీ కత్తిరించినట్టు కూడా గుర్తండి. కానీ మాణిక్యాలరావు గారు చూసేమంటున్నారు, మీరు గుర్తు లేదంటున్నారు. మీలాంటి పెద్దమనిషి ఎందుకు అబద్ధమాడతారండి? అంటే నేనే వేరే ఎవరి బండికో పెట్టి, మీదానికి పెట్టేననుకుంటున్నానేమోనండి. ఈ మధ్య చూపు కూడా సరిగా ఆనట్లేదండి. నాదే తప్పయ్యుంటుందండి. పాపాయమ్మ గారికి నా దణ్ణాలు చెప్పండి."

రెండు చేతులూ జోడించాడు. నేను అతని చేతులే చూశాను. వెల్డింగు రవ్వలు పడి మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. నోరు తెరిచాను. అతను వెళ్లిపోయాడు, సైకిలు నడిపించుకుంటూ.

నేనతని పని తీసేశాను, సరే. పేరు తీసేశాను, సరే. అతని చేతులు చేసిన పని అతనికే గుర్తు లేకుండా చేశాను. ఇది చేయగలనని నాకు తెలియదు. అరవై ఏళ్ల వయసులో నేనెవరో నాకు తెలియదు.

సెప్టెంబరు 19

నురుగు. రేకు. ఎనిమిది రివిట్లు. పుట్టీ. రంగు. నాకంతా గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది.

సెప్టెంబరు 21, ఆదివారం

వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టుకుందామంది పాపాయమ్మ. చావు తప్పి ఇంటికి వచ్చాక కూడిక పెట్టకపోతే ఎలాగ? సంఘమంతా వస్తారు, నేను లేచి సాక్ష్యం చెప్పాలి, తర్వాత భోజనాలు. అయ్యగారు సరేనన్నారు.

రాత్రి అన్నం ముందు ఆమె ప్రార్థన చేసింది. మాట ఇంకా తడబడుతోంది. మధ్యలో, "ప్రభువా, నాగేంద్రబాబుని నేను క్షమించేను. నువ్వు కూడా క్షమించు" అంది. కళ్లు తెరిచి నాతో చెప్పింది. "క్షమించడం చాలా కష్టమైందండి. పదిహేను రోజులు పట్టింది. చెయ్యి వణికినప్పుడల్లా ఆయన మీద కోపం వచ్చేసేది. ఇవాళ పోయింది. మీరెళ్లి ఆయన్ని కూడికకి పిలవండి. కేసు తీయించేయమని తమ్ముడికి చెబుతాను."

అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాను. లేచి పెరట్లోకి పోయి ఉమ్మేశాను.

సెప్టెంబరు 22

పిలిచి వచ్చాను. "ఆవిడ పిలిచేరంటే వస్తానండి" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. క్షమించిందని నేను చెప్పాను మరి. నా నోటితోనే చెప్పాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

సాక్ష్యం రాసుకున్నాను. దేవుని కృప, డాక్టర్ల శ్రమ, సంఘం ప్రార్థనలు. చదివి చూసుకుంటే బాగానే ఉంది. ఎక్కడా ఒక్క అబద్ధం లేదు. నేను చాలా బాగా రాయగలను.

సెప్టెంబరు 27, శనివారం

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. ఆగస్టు 26 పేజీ దగ్గర ఆగిపోయాను. "ఇక సూది దూరే సందు లేదు." నా అక్షరాలే. ఎంత గర్వంగా ఉన్నాయో. ఆ పేజీ చింపేద్దామని పట్టుకున్నాను. మూల కొంచెం చిరిగింది కూడా.

ఇంకోటి. ఇరవై నిమిషాలు కాదు, నలభై నిమిషాలు కాదు. గంటకి పైనే. చేపల లారీ నారాయణమూర్తి ఫ్యాక్టరీ గేటు దగ్గర కనబడితే ఫోన్లో స్పితి ఫొటోలు చూపిస్తూ కూర్చున్నాను. "మైనస్ పదిలో కూడా మా బండిలో చొక్కా విప్పుకుని పడుకోవచ్చు" అన్నాను. ఆమె పెన్సిలు జారిపోయిన వేళకి నేను ఆ మాట అంటూ ఉండాలి.

సెప్టెంబరు 28, ఆదివారం

అయిపోయింది.

లేచి నిలబడ్డాను. జేబులో సాక్ష్యం కాగితం ఉంది, చంకలో ఈ డైరీ ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. పాపాయమ్మ ముందు వరసలో కుర్చీలో ఉంది, మాణిక్యాలరావు పక్కనే. నాగేంద్రబాబు గుమ్మం బయట, చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

డైరీ తెరిచి ఆగస్టు 26 చదివాను. నాగేంద్రబాబు మీద ఒళ్లు మండిపోయింది అన్న దగ్గర నుంచి, పాపాయమ్మకి చెప్పలేదు అన్నదాకా. ఫ్యాక్టరీలో స్టాకు చదివినట్టు చదివాను. తర్వాత గంటకి పైనే అని చెప్పాను. నారాయణమూర్తి సంగతి చెప్పాను. గుర్తు లేదన్నది అబద్ధమని చెప్పాను.

అయ్యగారు బైబిలు మూసి మళ్లీ తెరిచారు. మాణిక్యాలరావు మొహం నల్లబడిపోయింది. పాపాయమ్మ మొహం నేను చూడలేదు. చూడలేకపోయాను.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి నాగేంద్రబాబు గొంతు వినబడింది. కోపం లేదు. ఎక్కడో పారేసుకున్న వస్తువు ఇంట్లోనే దొరికితే ఎలా అంటామో అలా అన్నాడు.

"అయితే పెట్టేనన్నమాటండి."

తన చేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత చెప్పులేసుకుని భోజనానికి ఆగకుండా వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 30

మాణిక్యాలరావు స్టేషనుకి వెళ్లి కాగితం వెనక్కి తీసుకున్నాడు. నాతో మాట్లాడడు. నేను వెళ్లి నా మాట కూడా రాయించి సంతకం పెట్టి వచ్చాను. కాట్రేనికోన వాళ్లకి ఫోను చేసి చెప్పాను. చర్చిలో చదవడం కంటే ఆ ఫోనే కష్టమైంది.

పాపాయమ్మ మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. మంచినీళ్లు ఇస్తుంది, ఒలికిపోతాయి.

అక్టోబరు 2

మాట్లాడలేదు.

అక్టోబరు 4, శనివారం

నాగేంద్రబాబు వచ్చాడు. నేను పిలవలేదు, పాపాయమ్మ కబురు పెట్టిందట. పరదా తీసి మంచుకొండల బొమ్మ మీద చేత్తో కొలిచి, ఎక్కడ కోశాడో సరిగ్గా అక్కడే కొండ మధ్యలో కత్తి దించాడు. నురుగు పొడిపొడిగా రాలింది. పాత కన్నం, పాత జాలీ, లోపల అలాగే ఉన్నాయి. జాలీ బయటికి తీసి వెలుతురులో పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. పాపాయమ్మ మెట్ల మీద కూర్చుని అతన్నే చూస్తోంది. నేను రేకు పట్టుకున్నాను. "కొంచెం పైకెత్తండి" అన్నాడు, ఎత్తాను.

అక్టోబరు 6, సోమవారం

ఇవాళ బయల్దేరాల్సిన రోజు.

పొద్దున్నే పాపాయమ్మ ఎర్ర స్వెట్టరు తీసి మంచం మీద పరిచి మడత పెట్టడానికి కూర్చుంది. చేతులు వణికి మడత కుదరటం లేదు. రెండుసార్లు ఊడిపోయింది. సాయం చేద్దామని చెయ్యి చాచాను. నా చెయ్యి తోసేసింది. మూడోసారి తనే మడత పెట్టింది, వంకరగా. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎనిమిది రోజుల తర్వాత, నాతో మాట్లాడింది.

"నేను క్షమించిన మనిషి ఏ తప్పూ చేయలేదండి. ఆ కష్టమంతా పడి వేరేవాళ్ల మీద ఖర్చు పెట్టేసేను. ఇప్పుడు మీకోసం మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. అది ఎన్నాళ్లు పడుతుందో నాకే తెలీదు. రోజూ అడక్కండి."

అడగనన్నాను.

స్వెట్టరు బీరువాలో పెట్టింది. తలుపు మీది కాగితం మాత్రం తీయలేదు. దాని ముందు నిలబడి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నాగపూర్ వచ్చింది. గ్వాలియర్ దగ్గర ఆగింది. చెప్పబోయి నోరు మూసుకున్నాను.